కుక్క ఎవరి వైపు చూస్తోంది?

కుక్క నేరుగా కెమెరాలోకి చూస్తున్న ఫోటోల్లో, చాలావాటిలో ఉన్న అనుబంధం కుక్కకీ బిస్కెట్టుకీ మధ్యది. లెన్సుకి కాస్త పైన ఫోటోగ్రాఫర్ ఎడమ చేత్తో పట్టుకున్న బిస్కెట్టు ఫోటోలో పడదు కాబట్టి చూసేవాళ్ళకి తెలీదు. బిస్కెట్టుకి లొంగని కుక్కకి నొక్కితే కీచుమనే రబ్బరు బొమ్మ. దానికీ లొంగకపోతే ఫోటోగ్రాఫరే పిల్లిలా అరుస్తాడు. కుక్క తల ఓ పక్కకి వాల్చి "వీడికేమైంది?" అన్నట్టు చూస్తుంది. క్లిక్. ఆ ఫోటో కింద "నా ప్రాణం" అని రాసి పెట్టుకుంటారు.

బెంగళూరులో శని, ఆదివారాలు కుక్కల ఫోటోలు తీయడం నా రెండో ఉద్యోగం. పిలిచేవాళ్ళు ఎక్కువగా మనవాళ్ళే. మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగువాళ్ళు. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడుకుంటారు, కుక్కతో మాత్రం ఇంగ్లీషు. అదెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఫోన్లో అందరూ అనే మాట ఒకటే: "మా ఇద్దరి బాండింగ్ కనపడాలండీ." వెంటనే వాట్సాప్‌లో నమూనా ఫోటోలు వచ్చి పడతాయి. గడ్డిలో కూర్చున్న అమ్మాయి, ఒళ్ళో గోల్డెన్ రిట్రీవర్, ఇద్దరి చూపూ కెమెరా మీదే.

ఆ నమూనా చూపించి బాండింగ్ అడిగితే నేను రెండూ ఇవ్వలేను. అనుబంధం కనపడాలంటే కుక్క నా వైపు చూడాలన్న పట్టుదల వదులుకోవాలి. ఇంకో సంగతి కూడా ఉంది, అది చెబితే కొందరికి కోపమొస్తుంది. కుక్కని డబ్బులిచ్చి తెచ్చుకున్నవాళ్ళూ, కుక్క తన మనిషి అనుకున్నవాళ్ళూ ప్రతి ఇంట్లో ఒకరే అవ్వాలని లేదు. బాండింగ్ ఫోటోలో ఉండాల్సింది ఆ రెండో మనిషి.

అసలు అనుబంధం కంటికి కనపడే వస్తువేనా అంటే, కనపడుతుంది. కబ్బన్ పార్కులో కుక్కల కోసం కంచె కట్టిన చోటు ఒకటుంది. ఆదివారం పొద్దున అక్కడ నిలబడి చూడండి. పట్టీ విప్పగానే కుక్క పరిగెత్తుతుంది. కొంత దూరం పోయి ఆగి వెనక్కి చూస్తుంది. తన మనిషి ఉన్నచోటే ఉన్నాడని రూఢి చేసుకుని మళ్ళీ పరుగు. ఆ వెనక్కి చూసే చూపు రెప్పపాటు. ఆటలో ఏ పెద్ద కుక్కో మీదికొస్తే తిన్నగా వచ్చి మనిషి కాళ్ళ మధ్య దూరుతుంది. అలసిపోయాక ఇంకోలా ఉంటుంది: తన మనిషి ఎవరితోనో కబుర్లలో ఉంటే పక్కకొచ్చి అతని పిక్కకి ఒంటి బరువంతా ఆనించి నిలబడుతుంది. అతను మాట ఆపడు, కిందికి చూడడు. చెయ్యి మాత్రం దానంతటదే కిందికి పోయి చెవి వెనక గోకుతుంది. ఏ చెవి వెనక గోకాలో ఆ చేతికి తెలుసు. నేను ఎదురుచూసేది ఆ చేతి కోసం.

2015లో జపాన్ శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. కుక్కా మనిషీ ఒకరి కళ్ళలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరిగిందని తేల్చారు. తల్లికీ చంటిబిడ్డకీ మధ్య పనిచేసే హార్మోన్ అది. మనుషుల చేతుల్లో పెరిగిన తోడేళ్ళలో అలా జరగలేదు. 2019లో ఇంకో బృందం కుక్కల, తోడేళ్ళ ముఖ కండరాలని పోల్చి చూసింది. కనుబొమ లోపలి కొసని పైకెత్తే కండరం కుక్కల్లో బాగా ఉంది, తోడేళ్ళలో నామమాత్రం. మనల్ని కరిగించి చేతిలో ఉన్న ముక్క పెట్టించే ఆ "పాపం" మొహం వేల ఏళ్ళు మన పంచన బతికాక కుదిరినది.

"చూశారా, కళ్ళలోకి చూడడమే అనుబంధం అని సైన్సే చెబుతోంది కదా" అని ఇవే చూపించి నాతో వాదించినవాళ్ళున్నారు. ఆ పరిశోధనలో కుక్కలు చూసింది తమ మనిషి కళ్ళలోకి. లెన్సు కుక్కకి ఏమవుతుంది? నల్లగా, గుండ్రంగా, రెప్ప వెయ్యని పెద్ద కన్ను. ముక్కూ మొహం తెలియనివాళ్ళు అలా గుచ్చి చూడడం కుక్కల మర్యాదలో కొట్లాటకి రమ్మనడం లాంటిది. నా కెమెరా చూసి తల తిప్పుకున్న కుక్కని "మొహమాటం దీనికి" అంటుంటారు ఇంట్లోవాళ్ళు. దానికి భయంగా ఉంది. అంతే.

ఈ భయం గుర్తుపట్టడం రాకపోతే కుక్కల ఫోటోలు తీయకూడదని నా ఉద్దేశం. గట్టిగా వాటేసుకుని తీయించుకున్న ఫోటోలు మీ ఫోనులో ఉంటే ఒకసారి పెద్దవి చేసి చూడండి. చెవులు వెనక్కి అతుక్కుపోయి ఉంటాయి. కంటి పక్కన తెల్లగుడ్డు నెలవంకలా తేలి ఉంటుంది. తిండి ఏదీ లేకుండానే మూతి నాక్కుంటూ ఉంటుంది. కొన్ని ఆవలిస్తాయి. అది నిద్రొచ్చిన ఆవలింత కాదు, "ఇక చాలు, వదులు" అని చెప్పడం. మనిషి మొహంలో ఆనందం వెలిగిపోతూ ఉంటుంది, కుక్క మొహంలో ఎప్పుడు వదులుతారా అని ఉంటుంది. అలాంటి ఫోటోలే ఫ్రేములు కట్టించుకుని టీవీ పైన పెట్టుకోవడం ఎన్ని ఇళ్ళలో చూశానో.

"తప్పు చేసిన మొహం" ఇంకో వినోదం. సోఫా దూది పీకేసిన కుక్క ముందు నిలబడి "ఎవరు చేశారిది?" అని గద్దిస్తూ వీడియో తీస్తారు. కుక్క తల దించుతుంది, తోక ముడుస్తుంది, అందరూ నవ్వుతారు. కుక్కల ప్రవర్తన మీద పరిశోధన చేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆవిడ 2009లో దీన్ని పరీక్షించి చూసింది. కుక్క తప్పు చేసిందా లేదా అన్నదానికీ ఆ మొహానికీ సంబంధం లేదు. తిట్టిన ప్రతిసారీ ఆ మొహం వస్తుంది. ఏ తప్పూ చేయని కుక్కని తిడితే ఇంకా ఎక్కువగా వచ్చింది. అంటే ఆ వీడియోల్లో కనపడేది పశ్చాత్తాపం కాదు, మన గొంతుకి బెదరడం. నన్ను అలాంటి ఫోటో తీయమని అడిగితే తీయను. బేరం పోయినా సరే.

నాలుక బయటపెట్టి "నవ్వుతున్న" పగ్ సంగతి వేరే చెప్పాలి. 2003లో వచ్చిన హచ్ సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటన గుర్తుండే ఉంటుంది, పిల్లాడి వెనకాలే నడిచే పగ్. ఆ బొమ్మ ముచ్చటైనదే, కాదనను. కానీ దాని తర్వాత మన ఊళ్ళలో పగ్‌లకి గిరాకీ ఎలా పెరిగిందో, ఎక్కడెక్కడి ఇరుకు షెడ్లలో పిల్లల్ని పుట్టించి అమ్మారో కుక్కలు పెంచేవాళ్ళకి తెలుసు. పగ్‌కి మూతి పొట్టి, గాలి పోయే దారి ఇరుకు. ఎండలో అది రొప్పడం ఒళ్ళు చల్లబరుచుకోలేక పడే పాట్లు. నా కెమెరాలో అది నవ్వులా పడుతుంది, చూసినవాళ్ళు అలాంటిది తమకీ ఒకటి కావాలనుకుంటారు. ఫోటో అమాయకమైన వస్తువని నేనిక నమ్మను. అందుకే ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిది దాటాక పగ్‌నీ, ఒత్తు బొచ్చు హస్కీనీ బయట తీయను. (బెంగళూరు చల్లని ఊరు కదా అంటారు. అది వెనకటి మాట.)

బెళ్ళందూరు వైపు ఒక ఇల్లు. భార్యాభర్తలు గుంటూరువాళ్ళు, ఇద్దరిదీ ఐటీ ఉద్యోగం. చాక్లెట్ రంగు లాబ్రడార్, పేరు కోకో, ఆ రోజు దాని పుట్టినరోజు. కాగితం టోపీ, మెడలో రిబ్బను ముడి, లివర్‌తో చేసిన కేకు. పొద్దున్నుంచి కోకో టోపీని ముందు కాలితో లాగేస్తూనే ఉంది, వాళ్ళు పెడుతూనే ఉన్నారు. నేను తీస్తూనే ఉన్నాను, అన్నీ బిస్కెట్టు ఫోటోలే. ఇంతలో కోకో చెవులు లేచాయి. బెల్ మోగలేదు, నాకే చప్పుడూ వినపడలేదు. కేకుని వదిలేసి వెళ్ళి తలుపు కింద సందులో ముక్కు పెట్టింది. కాసేపటికి లిఫ్టు ఆగింది, పనామె లోపలికొచ్చింది. ఆమెది మదనపల్లె దగ్గర పల్లెటూరు.

"వచ్చాన్లే, వచ్చాన్లే. ఏం కొంప మునిగిందిప్పుడు?" అంటూ కాళ్ళకి చుట్టుకుంటున్న కుక్కని మోకాలితో పక్కకి నెట్టింది. తోక ఊపడంలో తేడాలుంటాయి. మాకు కొస మాత్రమే ఊపింది. ఆమెకి నడుము దగ్గర్నుంచీ, వెనక కాళ్ళు జారిపోయేంతగా. గుమ్మం బయట ఆమె విడిచిన చెప్పుల్లో ఒకటి నోట కరుచుకుని లోపలికి తెచ్చింది. "అది నీకెందుకే, ఇట్టా తే" అని ఆమె లాక్కుంది. ఇది రోజూ జరిగే తంతులా ఉంది. ఆమె వంటింటి వెనక గిన్నెల ముందు కూర్చోగానే కోకో వెళ్ళి ఆమె పాదం మీద గడ్డం ఆనించి కళ్ళు సగం మూసింది. ఆమె సబ్బు చేత్తో గిన్నె తోముతూ, పొడిగా ఉన్న చేత్తో పొద్దుటి చపాతీ ముక్క తుంచి అటు చూడకుండానే కింద పెట్టింది. కోకో తినలేదు. పక్కన పెట్టుకుని అలాగే పడుకుంది. తిండి ముందు లాబ్రడార్ ఆగిందంటే ఏమిటో లాబ్రడార్ పెంచినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆమె రాగానే ఫోటో తీయొచ్చా అని అడిగి ఉంచాను. వంటింటి గుమ్మంలో నేల మీద పడుకుని కిటికీ వెలుతురులో తీశాను. ఆ పూటకి నేను తీసిన మంచి ఫోటో అదొక్కటే. ఇంటావిడ నా భుజం మీంచి తొంగి చూసి నవ్వింది, పూర్తిగా నవ్వు కాదది. "చూశారా, ఖర్చంతా మాది, ప్రేమంతా ఆమెకి." నిజానికి పొద్దునా సాయంత్రం కోకోని కిందికి తీసుకెళ్ళేది పనామే. దీపావళి టపాసులకి వణికిపోతుంటే బాత్రూములో పక్కన కూర్చున్నదీ ఆమే. అన్యాయం ఏముంది ఇందులో?

ఆల్బంలో ఆ ఫోటో కూడా పెట్టాను. ఇంటాయన ఫోన్ చేసి "ఇది మన ప్యాకేజీలోదేనా? వేరే ఏదైనా మార్చండి" అన్నాడు. కోపంగా కాదు, మర్యాదగానే. మార్చలేదు, ఇంకోటి అదనంగా ఇచ్చాను.

పనామె మాత్రం ఆ ఫోటో చూసి మూతి తిప్పింది. "గిన్నెల కాడ కూర్చోబెట్టి తీస్తివేందక్కా" అంది. తల దువ్వుకుని, పమిట సర్దుకుని, బాల్కనీలో పూలకుండీ పక్కన నిటారుగా నిలబడింది. కోకో గొలుసు చేత్తో పట్టుకుంది. ఆమె కెమెరాలోకి చూసింది, కోకో ఎదురింటి పావురాల వైపు చూసింది. ఊళ్ళో ఉన్న కూతురికి పంపించింది అదే. నా వాదానికి ఇది అడ్డొస్తుంది, దాచను. కానీ ఆలోచిస్తే ఆమెకి కావాల్సింది వేరు. ఆ ఇంట్లో తనూ ఉన్నానని, ఈ కుక్క తనదీ అని చూపించే రుజువు ఆమె దగ్గర ఒక్కటీ లేదు. ఇంటివాళ్ళకి అలాంటి రుజువులతో ఫోన్లు నిండిపోయి ఉన్నాయి. నిటారుగా నిలబడి తీయించుకునే హక్కు ముందు ఆమెది. అందుకని నేనిప్పుడు ఎవరింట్లో తీసినా పనివాళ్ళకి వాళ్ళు అడిగినట్టు ఒకటి తీసి ప్రింటు ఇస్తాను. వాళ్ళు వద్దంటే వాళ్ళ మొహం ఎక్కడా పెట్టను.

కబ్బన్ పార్కు పక్కనే, కస్తూర్బా రోడ్డులో ప్రభుత్వ మ్యూజియం ఉంది. ఆదివారాలు కుక్కల్ని తెచ్చేవాళ్ళలో ఎంతమంది లోపలికి వెళ్ళారో కానీ, వెయ్యేళ్ళ నాటి కుక్క జ్ఞాపకం ఒకటి అక్కడుంది. మండ్య జిల్లా ఆతకూరులో దొరికిన రాయి, క్రీ.శ. 949-50 నాటిది, రాష్ట్రకూట మూడో కృష్ణుడి కాలం. తక్కోలం యుద్ధంలో చోళ రాకుమారుడు రాజాదిత్యుడు చనిపోయిన సంగతి కూడా దాని మీదే ఉంది. గంగ వంశపు రాజు బూతుగుడి దగ్గరి వీరుడు మణలేరుడు. అతని పరాక్రమానికి మెచ్చి ఏం కావాలో కోరుకోమంటే కాళి అనే వేటకుక్కని ఇమ్మన్నాడు. ఆ కాళి తర్వాత ఒక పెద్ద అడవిపందితో తలపడింది. రెండూ చచ్చిపోయాయి. అతను కుక్క పేర రాయి నిలబెట్టి, పూజకి పొలం రాయించాడు.

ఆ రాయి మీద చెక్కింది కుక్కా పందీ కలబడిన దృశ్యం. యజమాని అక్షరాల్లో ఉన్నాడు, బొమ్మ కుక్కది, అదీ అది చేసే పనిలో ఉన్నప్పటి బొమ్మ. అందుకే నాకా శిల్పి అంటే గౌరవం. అమెరికా ఫోటోగ్రాఫర్ ఎలియట్ ఎర్విట్ ఫోటోల్లోనూ అదే చూస్తాను. 2023లో పోయాడాయన. 1974లో న్యూయార్కులో తీసిన ఫోటోలో టోపీ పెట్టుకున్న బుల్లి చివావా ఒకటుంటుంది, పక్కన ఒకావిడ బూట్లు, ఆ పక్కన గ్రేట్ డేన్ ముందు కాళ్ళు. మనుషుల మొహాలే లేవు. ఆయన కుక్కల్ని చూసి తనే మొరిగేవాడట, అంటే పిల్లి కూతలు నేను కనిపెట్టినవి కావు. కానీ ఆతకూరు రాయి ముందు నిలబడ్డప్పుడల్లా నాకు ఒక కొరత కనపడుతుంది. కాళికి రోజూ తిండి పెట్టిందెవరో, చెవుల్లో పిడుదులు ఏరిందెవరో అందులో లేదు. రాయి పెట్టించే స్తోమత ఉన్నవాడి పేరే మిగిలింది. మన ఆల్బములు కూడా ఆ రాయి పద్ధతే.

పనిముట్ల సంగతి అడుగుతారు కాబట్టి కాస్త చెబుతాను. మంచి ఫోన్ ఉంటే చాలు, కెమెరా తప్పనిసరి కాదు. మీ మోకాళ్ళూ మోచేతులూ మాత్రం మురికవ్వాలి. నిలబడి తీస్తే కుక్క నెత్తి తప్ప ఏమీ రాదు. నల్ల కుక్క ఫ్రేమంతా నిండితే కెమెరా దాన్ని బూడిద రంగుకి లాగుతుంది, కెమెరాలోనే వెలుతురు కాస్త తగ్గించాలి. తెల్ల పొమరేనియన్‌కి పెంచాలి. పార్కు చెట్ల కింద తెల్ల కుక్క ఆకుపచ్చగా వస్తుంది, బాటకి దగ్గరగా తీసుకురండి. ఫ్లాష్ వద్దు. కుక్క కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది, పచ్చగా భూతంలా మెరుస్తుంది. గడ్డిలో ఎర్ర బంతి విసిరి "కనపడట్లేదా దీనికి" అంటారు కొందరు. నిజంగానే కనపడదు, కుక్కకి బాగా తెలిసే రంగులు నీలం, పసుపు. ఎర్ర బంతి గడ్డిలో కలిసిపోతుంది.

నాతో ఎక్కువగా పేచీ వచ్చేది మాత్రం "ఫోటోలో కుక్క చిన్నగా ఉందండీ" అన్నచోట. కావాలనే చిన్నగా తీస్తాను. దాని చుట్టూ ఇల్లుండాలి: గోకి గోకి రంగు పోయిన తలుపు కింది భాగం, సోఫాలో అది పడుకునే గుంట, నీళ్ళ గిన్నె, ఎవరి మంచం పక్కన దాని చోటు. వెనకంతా మసకబెట్టి మొహం ఒక్కటే పదునుగా చూపించే ఫోటో ఏ లాబ్రడార్‌కైనా సరిపోతుంది. పంచె కట్టించి తీసే సంక్రాంతి ఫోటోల గురించి నేనేమీ అనను, అవి మన సరదా.

ఇంకో మాట. కుక్క ముసలిదయ్యాక, రక్తపరీక్ష రిపోర్టు వచ్చాక నన్ను పిలుస్తారు. అప్పటికి అది బక్కచిక్కి ఉంటుంది, కొత్త మనిషి వస్తే లేవలేక లేస్తుంది. దానికి ఆరో ఏడో ఏళ్ళున్నప్పుడే పిలవండి. మొన్న కె.ఆర్. పురంలో అలాంటి ఇంటికే వెళ్ళాను. వీధిలోంచి తెచ్చుకున్న నాటు కుక్క, పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషన్ గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంది, కిడ్నీలు పాడవుతున్నాయి. పిలిచింది కూతురు. వాళ్ళ నాన్నది తాడిపత్రి, పెద్దాయన. "కుక్కని గడప దాటనీయడమేందమ్మా, మా కాలంలో ఎరుగుదుమా" అని నాతో గట్టిగానే అన్నాడు. నేనున్నంతసేపూ ఆ కుక్క ఆయన ప్లాస్టిక్ కుర్చీ కిందే ఉంది, తోక ఆయన పాదం మీద. తెల్లారుజామున పాల పాకెట్టుకి ఇద్దరూ కలిసే పోతారని కూతురు చెప్పింది. మందు బిళ్ళ కూతురిస్తే ఉమ్మేస్తుందట, ఈయన పెరుగన్నంలో పెట్టి ఇస్తే తింటుందట. "నన్నెందుకమ్మా తీసేది, కుక్కని తీసుకో" అని ఆయన పేపర్ అడ్డం పెట్టుకున్నాడు. పేపరూ, కింద రెండు కాళ్ళూ, కుర్చీ, కుక్క. అలాగే తీశాను.

కూతురికి ఆ ఫోటో నచ్చలేదు, నాన్న మొహం లేదంది. మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. "ఆ పేపర్ ఫోటో క్యాలెండర్ సైజులో ఎంతవుతుందమ్మా? పంచె అంచు నలిగినట్టుంది, అది సరిచేసేదానికి అవుతుందా?"

సరిచేయొచ్చు కానీ చేయనన్నాను. రేటు దగ్గర ఇంకా బేరం తెగలేదు.